గిర్ని కాడి ఉత్తరాలు

కొత్తవాడల నా పిండి గిర్ని గోడకు
మూడు నంబర్లున్నయి.
ఒకటి సున్నం కింద మాసిపోయింది,
ఒకటి సర్వేవాళ్ళు అంటించిన స్టిక్కరు,
మూడోది నేనే బ్రష్షుతోటి రాసుకున్న.
ఏ నంబరు మీద వచ్చినా
ఉత్తరం మాత్రం తౌటం లక్ష్మీనర్సుకే.

ఆ పేరు నాది కాదని
పోస్టు రజితకు మొదటి నెలే చెప్పిన.
"నంబరు నీదేనా కాదా అన్నా?"
స్కూటీ దిగకుండనే అడిగింది.
నంబరు నాదే.
"మరింకేంది" అనుకుంట పోయింది.

మొదట్ల వాపసు పంపిన,
"ఈ పేరు గలవారు లేరు" అని రాసి.
జొన్నపిండి చేతులతోటి రాస్తే
ప్రతి కవరు మీద నా బొటనవేలు తెల్లగ పడేది.
పది రోజులకు మళ్ళ అదే కవరు,
అదే వేలిముద్ర,
తప్పిపోయిన మేక పొద్దుగూకేసరికి
దొడ్డికి వచ్చి నిలబడ్డట్టు.

ఇగ పంపుడు బంద్ చేసి
ఐదు కిలోల బాటు కింద పెట్టుకుంట పోయిన.
చింపలేదు, ఒట్టు.
చింపకున్నా మనిషి తెలుస్తడు.
కంటి దవాఖానోళ్ళు రెండేండ్ల సంది రమ్మంటున్నరు.
చేనేత సంఘం కవర్ల మీద
మొదట్ల పేరు ముందట 'శ్రీ' ఉండె,
ఇప్పుడు లేదు.
మూతి అంటించని పెండ్లి పత్రిక ఒకటి,
అది తెరిచిన, దాన్ని చింపుడనరు.
ఆ ఆదివారం పరకాలల లగ్గం.
మిరపకాయలు పట్టుకుంట పదకొండింటికి గడియారం చూసిన,
ఆడ ఒక విస్తరి మిగిలే ఉంటది.

జాతరప్పుడు మేడారం బంగారం పార్సిల్ వచ్చింది.
రెండు రోజులు బాట్ల పక్కకే ఉంచిన.
మూడోనాడు చీమలు వరుస కట్టినయి,
వాటికి పేరుతోటి పనేంది.
కండ్లకద్దుకొని
ఒక బెల్లం ముక్క నేను గూడ.
ఆ బాకీ నాది.

మక్కలు పట్టియ్య వచ్చిన బుచ్చవ్వకు
ఊకెనే ఆ పేరు చదివి వినిపించిన.
"నర్సిగాడా!
నీ మోటరు తిరిగే కాడనే గదరా
వాని మగ్గం గుంత.
జంపఖానా నేస్తే
నీళ్ళు పోసినా కిందికి దిగకపోతుండె.
షోలాపూర్ పోయిండు,
నువ్వు ఈడికి రాకముందే."

ఆ రాత్రి కరెంటు పోయినంక
మోటరు దిమ్మె చుట్టు టార్చి కొట్టి చూసిన.
ఒక దిక్కు సిమెంటు కుంగి ఉన్నది,
రెండు కాళ్ళు పట్టేంత.
ఎనిమిదేండ్ల సంది
ఆ వణుకుడు బేరింగుదనుకున్న.

బుచ్చవ్వ అల్లుని తాన అడ్రసు దొరికింది,
సగం మరాఠి, సగం గుర్తులు:
నీళ్ళ ట్యాంకి ఎనుక, పవర్‌లూమ్ షెడ్డు, పైన రేకుల అర్ర.
అన్నీ ఒక్క పెద్ద కవర్ల పెట్టిన.
బెల్లం సంగతి చీటి మీద రాసి అందులనే ఏసిన.
తక్కెట్ల జోకిన:
అర్ధకిలో బాటు, వంద బాటు, మీద ఒక ఇరవై.

వానలు పడ్డయి, పిండి ముద్ద కట్టే రోజులొచ్చినయి.
ఇయ్యాల రజిత స్కూటీ ఆపి దిగింది.
"చూడన్నా, ఈసారి నీ పేరే."

నా కవరే.
మీద ఎవరో ఎర్ర సిరాతోటి
మరాఠిల ఒక ముక్క రాసిండ్రు.
నాకు చదువరాదు.
చదివే పని గూడ లేదు,
ఆ ముక్క నేనెన్నిసార్లు రాయలే.

పట్టా దించి, గిర్ని ఆపి,
వాకిట్ల వెలుతురుకు తిప్పి చూసిన.
అంటించిన మూతి కాడ
నా తెల్ల వేలు పక్కపొంటి
నీలి దారప్పోగు ఇరుక్కొని ఉన్నది.
లాగితే వస్తలేదు.

తక్కెట్ల పెట్టిన.
కవరు దిక్కు పైకి లేచింది.
ఇరవై తీసిన, ఇంకా లేచే ఉన్నది.
వంద గూడ తీస్తెగని
ముల్లు నడుమకు రాలే.